128 కిలోల పడవ: హనుమకొండ కార్ఖానాలో ఒక కేస్ స్టడీ

పత్తి తూచే వేలాడే కాంటాలు రెండు అద్దెకు తెచ్చి కార్ఖానా దూలానికి కట్టాం. పడవ ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి తగిలించి, కింది బల్లలు లాగేశాం. ముందు 57, వెనక 71. మొత్తం 128 కిలోలు. నేను కాగితం మీద వేసుకున్న లెక్క 85. మా మేనల్లుడు అమెరికా నుంచి వీడియో కాల్‌లో చూస్తున్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మామా, కాంటా ఖరాబైందేమో" అన్నాడు. ఆ ఆశతోనే 25 కిలోల బియ్యం బస్తా వేలాడదీసి చూశాను. రెండు కాంటాలూ 25 అనే చూపించాయి.

ఆ 43 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటి వల్ల ఇసుకలో, నీళ్లలో ఏం జరిగిందో రాస్తున్నాను. ఇంట్లో పడవ కట్టుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. అలాంటివాళ్లు మన దగ్గర ఎంతమంది ఉంటారంటే, నాకు తెలిసి ఇద్దరం. అందులో ఒకడు ఫ్లోరిడాలో ఉన్నాడు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. వడ్రంగం ఇంటి పని. నేవీలో షిప్‌రైట్ విభాగంలో, అంటే ఓడల చెక్క పనిలో, 15 ఏళ్లు చేసి, ఎక్కువ కాలం విశాఖలో ఉండి, ఊరికి తిరిగొచ్చాక తలుపులు, కిటికీలు చేసే కార్ఖానా పెట్టుకున్నాను. తెరచాప నడపడం నేవీలోనే నేర్చుకున్నాను. మేనల్లుడు టాంపాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడికి ఈత వచ్చు, కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) వచ్చు, చెక్క పని రాదు.

వాడు పోవాలనుకున్నది ఎవర్‌గ్లేడ్స్ ఛాలెంజ్ అనే పోటీ. వాటర్‌ట్రైబ్ అనే వాళ్లు మార్చి నెలలో జరుపుతారు. టాంపా బే ముఖద్వారం దగ్గరి ఫోర్ట్ డి సోటో పార్కు ఇసుక ఒడ్డున మొదలై, ఫ్లోరిడా పడమటి తీరం వెంట దక్షిణానికి దిగి, కొసన కీ లార్గో చేరాలి. దాదాపు 300 మైళ్లు, గడువు 8 రోజులు. మోటారు ఉండదు, వెనక సహాయ పడవ రాదు. కయాక్‌లు, చిన్న తెరచాప పడవలు కలిసే పోతాయి. మొదట్లోనే ఒక మెలిక పెట్టారు. పడవలన్నీ పోటు గుర్తుకు పైన, పొడి ఇసుక మీద ఉంటాయి. పొద్దున్నే గుర్తు ఇవ్వగానే ఎవరి పడవను వాళ్లే, తమ వెంట తీసుకెళ్లే సామానుతోనే నీళ్లలోకి దింపుకోవాలి. పక్కవాడు చెయ్యి వెయ్యకూడదు. దీన్ని వాళ్లు ఫిల్టర్ అంటారు. మోయలేని పడవ కట్టుకున్నవాడు అక్కడే వడపోతలో మిగిలిపోతాడు.

300 మైళ్లంటే సుమారు 480 కిలోమీటర్లు. 8 రోజులకు పంచితే రోజుకు 60. 3 నాట్ల వేగంతో, అంటే గంటకు అయిదున్నర కిలోమీటర్లు పోతే రోజుకు 11 గంటలు నీళ్ల మీద ఉండాలి. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ వేగానికి పొడవే హద్దు. నీటి గీత దగ్గర పొడవు 15 అడుగులుంటే సుమారు 5.2 నాట్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి వేగమైన పడవ కోసం తల బద్దలు కొట్టుకోవాల్సిన పని లేదు. అలసిపోయిన ఒక్క మనిషి 11 గంటలు కూర్చుని, రాత్రి అందులోనే కాళ్లు చాపుకుని, పొద్దున లేచి మళ్లీ నడపగలగాలి. తిరగబడితే ఒక్కడే నిలబెట్టుకోగలగాలి. 2015లో మొదటి రోజే గాలి పెరిగి చాలా పడవలు తిరగబడితే కోస్ట్ గార్డ్ పోటీనే ఆపించింది. మా అక్కకు ఈ సంగతి ఎవరూ చెప్పొద్దని వాడు ముందే మాట తీసుకున్నాడు.

పడవను ఇక్కడ కట్టి ఓడలో పంపే ఆలోచన మాకు మొదటి నుంచీ లేదు. పడవ ఖర్చు కన్నా రవాణా ఖర్చు ఎక్కువ. నేను ఇక్కడ ఒకటి కట్టి, దాన్ని హింసించి, ఏం విరుగుతుందో చూసి, కొలతలు సరిచేసి పంపాలి. వాడు ఆ కొలతలతో అక్కడ రెండోది కట్టుకోవాలి. ఇదీ ఒప్పందం. అంటే నాది విరగడానికి కట్టే పడవ. ఆ మాట నేనే అన్నాను, పని మొదలయ్యాక నేనే మర్చిపోయాను.

పొడవు 16 అడుగులు, పై వెడల్పు నాలుగున్నర, అడుగు చదును. పద్ధతి కుట్టి అంటించడం. ప్లైవుడ్‌ను లెక్క ప్రకారం ముక్కలు కోసి, అంచుల్లో చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, రాగి తీగతో బట్ట కుట్టినట్టు కుడతారు. పడవ ఆకారం దానంతటదే లేస్తుంది. లోపలి మూలల్లో ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద పూసి, పైన గాజు నూలుతో నేసిన గ్లాస్ బట్ట అంటించి, తీగలు లాగేస్తారు. ఇంగ్లండులో 1963లో మార్కెట్లోకి వచ్చిన మిర్రర్ అనే చిన్న పడవ ఈ పద్ధతిని ఇంటింటికీ తీసుకెళ్లింది. చెక్క పని పెద్దగా రానివాళ్లే వాటిని వేలల్లో కట్టుకున్నారు. రాగి తీగ కోసం నేను ఎక్కడికీ పోలేదు. బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు మా వీధి చివరే ఉంది. పాత తీగ కిలోల లెక్కన ఇచ్చాడు. ఎందుకని అడిగితే పడవ కుట్టడానికన్నాను. ఇంకేమీ అడగలేదు.

ప్లైవుడ్ దగ్గర మొదటి దెబ్బ తిన్నాను. మెరైన్ ప్లైవుడ్‌కు మన దేశంలో ఐఎస్ 710 ప్రమాణం. నీళ్లలో 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదు. 6 మిల్లీమీటర్ల షీట్లు 8 కొన్నాను. ప్రతి షీటు మీద 710 ముద్ర చక్కగా ఉంది. కోసేముందు ఎందుకో అనుమానమొచ్చి, జానెడు ముక్కలు నాలుగు కోసి, పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద బగోనెలో వేశాను. అయిదో గంటకు ఒక ముక్క అంచు పుస్తకంలా విచ్చుకుంది. సాయంత్రానికి నాలుగూ విచ్చుకున్నాయి. మా ఆవిడ వచ్చి చూసి "ఉడికిందా, ఇంకా పలుకుందా?" అని పోయింది. ఆ షీట్లు తర్వాత ఎవరెవరి వంటింటి కప్‌బోర్డుల్లోకో వెళ్లాయి. నీళ్లు తగలని చోట వాటికేం కాదు. రెండోసారి కొనేముందు ఒక్క షీటు తెచ్చి, రోజుకు 8 గంటల చొప్పున మూడు రోజులు ఉడికించి, మధ్యలో ఎండబెట్టి చూశాను. నిలబడింది. అప్పుడు మిగతా ఏడు తెచ్చాను. ఉడికించకుండా ముద్రను నమ్మకండి. ఈ మొత్తం రాతలో ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోమంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను.

అయితే పొరలు గట్టిగా ఉన్నాయన్న సంతోషంలో షీటును తూచలేదు. మన దగ్గర దొరికే మంచి మెరైన్ ప్లైవుడ్ గట్టి జాతి చెక్కతో చేస్తారు. 8కి 4 అడుగుల షీటు పన్నెండున్నర కిలోలుంది. నేను పడవల లెక్కల్లో వాడిన అంకె ఒకూమే అనే ఆఫ్రికా చెక్క ప్లైవుడ్‌ది. అది 9 కిలోల దగ్గర ఉంటుంది. కోత పోగా పడవలో మిగిలిన ప్లైవుడ్ 75 కిలోలు. లెక్కలో రాసుకున్నది 54. అంటే మొదటి రోజే 21 కిలోలు మీద పడ్డాయి. నాకు తెలిసింది మాత్రం మూడు నెలల తర్వాత, కాంటా దగ్గర.

షీటు పొడవు 8 అడుగులే కాబట్టి రెండింటిని కలపాలి. ఒక్కో అంచును రంద పట్టి ఏటవాలుగా చెయ్యాలి. మందానికి 8 రెట్లు ఏటవాలు, అంటే 6 మిల్లీమీటర్లకు 48. నాలుగు షీట్లను మెట్ల మాదిరి ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నిటికీ ఒకేసారి రంద పడితే పని సులువు. పొరల గీతలు తిన్నగా, సమాన వెడల్పుతో కనిపిస్తే ఏటవాలు సరిగ్గా వచ్చినట్టే. నాకు ఈ పనిలో బాగా నచ్చిన భాగం ఇదే. నాలుగు జాయింట్లలో ఒక్కటి కూడా ఇప్పటివరకు విడలేదు.

ఎపాక్సీ పని మార్చి చివర్లో మొదలుపెట్టడం నా తెలివితక్కువ. ఎల్‌వై 556 రెసిన్, హెచ్‌వై 951 హార్డెనర్. 100 గ్రాములకు 10 గ్రాములు, వంటింటి డిజిటల్ కాంటా మీద తూచి కలపాలి. కంటి అంచనాతో కలిపితే కొన్నిచోట్ల ఎప్పటికీ గట్టిపడదు. ఏప్రిల్ మొదటివారం మధ్యాహ్నం 41 డిగ్రీలు. అరకిలోకు దగ్గరగా ఒక మగ్గులో కలిపి, ఫోన్ వస్తే మాట్లాడి వచ్చేసరికి మగ్గు పొగలు కక్కుతోంది. అడుగు కరిగి బెంచీకి అంటుకుంది. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. మగ్గులో ఆ వేడి బయటికి పోదు, వేడికి ఇంకా త్వరగా గట్టిపడుతుంది. అందుకని ఎప్పుడూ వెడల్పు పళ్లెంలో, పలుచగా, 150 గ్రాములకు మించకుండా కలపాలి. రెసిన్ డబ్బాలను రంజన్ పక్కన తడి గోనెసంచి చుట్టి పెట్టేవాళ్లం. మూత మీద నీటి చుక్క పడకుండా చూసుకోవడం ఒక టెన్షన్.

ఎండ తప్పించుకోవడానికి తెల్లవారుజామున 4 గంటలకు లేచి పని చేశాం. కీళ్లు అంటించడానికి అది బాగుంది. చెక్కకు మొదటి పూత వేసినప్పుడు మాత్రం ఎదురు తన్నింది. పొద్దెక్కేకొద్దీ చెక్క వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి, పూతలోంచి బుడగలుగా బయటికి వచ్చింది. ఆరాక చూస్తే సూదితో పొడిచినట్టు వందల రంధ్రాలు. ఒక వైపంతా మళ్లీ రుద్ది పూయాల్సి వచ్చింది. మొదటి పూత పొద్దుగూకాక, చెక్క చల్లబడుతున్నప్పుడు వెయ్యాలి. అప్పుడు చెక్క పూతను లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి అంటించడం తెల్లవారుజామున, పూత సాయంత్రం. నేవీలో ఇది నాకెవరూ చెప్పలేదు. అక్కడ మాకు 41 డిగ్రీల్లో పూసే అవసరం రాలేదు.

మూలల్లో పెట్టే ముద్దకు రంపపు పొట్టే కలిపాం, మైదా జల్లెడతో జల్లించి. ఆ జల్లెడ మళ్లీ వంటింట్లోకి వెళ్లలేదు. నా దగ్గర పనిచేసే కుర్రాడు చేతి తొడుగులు ఉక్కగా ఉన్నాయని రెండు రోజులు తీసేశాడు. మూడో రోజుకు మోచేతుల దాకా దద్దుర్లు. అంటుకున్న ఎపాక్సీని థిన్నర్‌తో కడిగేవాడు. అది ఇంకా తప్పు. థిన్నర్ దాన్ని పలుచన చేసి చర్మంలోకి పంపుతుంది. వంటనూనె రాసి తుడిచి సబ్బుతో కడుక్కోవాలి. ఒకసారి పడకపోవడం మొదలైతే జన్మంతా పడదు. ఆ కుర్రాడిని ఈ పని నుంచి తప్పించి తలుపుల పనికి పంపేశాను.

ఇక నా తప్పుల్లో పెద్దది. పై అంచులకు, అంటే పడవ చుట్టూ నడిచే పట్టీకి, తేలికైన చెక్క వాడాలని లెక్కలో ఉంది. కార్ఖానాలో మంచి టేకు ముక్కలు మిగిలి ఉన్నాయి, ఆదిలాబాద్ అడవి టేకు. చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాలేదు. లెక్కలో ముప్పావు అంగుళం. నేను అంగుళం వేశాను. తలుపు చేసేవాడి కంటికి ముప్పావు అంగుళం ఎప్పుడూ బక్కగానే కనిపిస్తుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అంటించే ముందు అసిటోన్‌తో తుడవాలి, అది మర్చిపోలేదు. బరువు మర్చిపోయాను. చెక్క లెక్క 12 నుంచి 20కి పోయింది. అడుగున గ్లాస్ బట్ట ఒక పొర చాలు. గోదావరి రాళ్లు తలుచుకుని రెండు వేశాను, మూలలకు మూడు. ఎపాక్సీ, బట్ట కలిపి 14 కావాల్సింది 26 అయింది. చిన్నా చితకా సామాను మరో 2. మొత్తం 43. నేను కలిపిన ప్రతి కిలోకూ ఒక్కో భయం కారణం. ఆ భయాల్లో పోటీ జరిగే నీళ్లకు సంబంధించింది ఒక్కటీ లేదు.

తెరచాపకు టార్పాలిన్ వాడాం. వరంగల్‌లో దానికి కొదవ లేదు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి రాసుల మీద, ధాన్యం మీద కప్పేది అదే. మా దగ్గర తాడిపత్రి అంటారు. తెరచాప చదునుగా ఉంటే పని చెయ్యదు. దానికి కొంచెం పొట్ట ఉండాలి. అంచులను తిన్నగా కాకుండా కొద్దిగా విల్లులా కోసి, కర్రకు తిన్నగా కట్టితే పొట్ట వస్తుంది. ఆటో సీట్ కవర్లు కుట్టే అతని దగ్గర బరువైన కుట్టు మిషన్ ఉంది. ఆజంజాహి మిల్లులో పనిచేసిన వాళ్ల అబ్బాయి. ముందు రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, ఆ మీద రెండు వరుసలు కుట్టాడు. 8 చదరపు మీటర్లు. పైన ఒక బొంగు, కింద ఒక బొంగు, నిలువు స్తంభానికి రెండున్నర అంగుళాల అల్యూమినియం పైపు. బొంగులు మేదరివాళ్ల దగ్గర ఏరి తెచ్చాను. లావు కన్నా కణుపులు దగ్గరగా ఉన్నవి చూసుకోవాలి. ఈ చతురస్రపు తెరచాప ఒక్క తాడు వదిలితే దబ్బున కిందికి దిగుతుంది. ఒంటరి మనిషికి అంతకన్నా భద్రత లేదు. ఎదురుగాలికి త్రికోణపు తెరచాపంత బాగా పోదు. ఒప్పుకున్నాం.

మే చివర్లో పడవను ట్రాలీ ఆటోలో మంథని దారిలో మానేరు ఇసుకలోకి తీసుకుపోయాం. నీళ్లు అక్కర్లేదు, ఇసుక చాలు. 40 అడుగులు కొలిచి రెండు కర్రలు పాతాను. మేనల్లుడు సెలవు మీద వచ్చి ఉన్నాడు, 70 కిలోల మనిషి. మొదట నాలుగు అంగుళాల పీవీసీ పైపులు కింద వేశాం. పైపులు ఇసుకలో కూరుకుపోయాయి, పడవ కదల్లేదు. తర్వాత 20 లీటర్ల వాటర్ క్యాన్లు మూడు, మూతలు బిగించి, పక్కకు పడుకోబెట్టి వాడాం. ఇది నవ్వులాటగా మొదలుపెట్టింది. పడవ కదిలింది! వెనక వచ్చే క్యాన్‌ను తీసి ముందు పెట్టడం, తొయ్యడం. రెండో విడతలో ఒక క్యాన్ చప్పుడు చేసి చదునైంది. 40 అడుగులకు 26 నిమిషాలు. వాడు ఇసుకలో కూలబడి, "మామా, 300 మైళ్లు పోతా గానీ ఈ 40 అడుగులు మళ్లీ పోను" అన్నాడు. సామాను ఎక్కించకుండానే ఇది. గాలి నింపి పడవ కింద దొర్లించే గుండ్రని రోలర్ల సంగతి మాకు ఆ రోజే ఖాయమైంది. బరువు సంగతీ ఆ రోజే ఖాయమైంది.

నీటి పరీక్షలకు కరీంనగర్ లోయర్ మానేరు డ్యాం ఎంచుకున్నాం. అనుమతి తీసుకుని, చేపలు పట్టే సంఘం వాళ్లతో మాట్లాడుకుని, ఒక పడవ మా వెంట ఉండేట్టు కుదుర్చుకున్నాం. దగ్గర్లో లక్నవరం, పాకాల ఉన్నా వాటి చుట్టూ కొండలు, చెట్లు. గాలి ముక్కలు ముక్కలుగా వస్తుంది. మానేరు డ్యాం విశాలం. జూన్ రెండో వారం దాటితే నైరుతి గాలి మధ్యాహ్నం పూట ఆగకుండా కొడుతుంది. మా వెంట వచ్చిన పెద్దాయన నలభై ఏళ్లుగా ఆ నీళ్లలోనే ఉన్నాడు. మా తెరచాపను చూసి, "కట్ట దగ్గర జాగ్రత్త సారూ, గాలి అక్కడ గోడకు తాకి మర్లుతది" అన్నాడు. ఆయనకు తెరచాప పడవతో పని లేకపోయినా చెప్పింది అక్షరాలా నిజం. రెండో రోజు కట్టకు 50 గజాల్లో గాలి ఒక్కసారిగా వెనక నుంచి తిరిగి, కింది బొంగు అటు నుంచి ఇటు వచ్చి నా తలను వెంట్రుకవాసిలో తప్పింది.

ముందుగా నమోదు చేసుకున్నది తెరచాప కుదించడానికి పట్టే సమయం. గాలి పెరిగితే కింది భాగం మడిచి కట్టాలి. మొదటిసారి 6 నిమిషాలు పట్టింది. అన్ని తాళ్లూ తెల్లవే, ఏది ఏదో చేతికి తెలియదు. రంగు తాళ్లు మార్చి, రెండు కొక్కేలు చేతికందే చోటికి తెచ్చాక, పదోసారికి నిమిషంన్నర. రాత్రి చీకట్లో ఒకసారి చేయించాను, రెండు నిమిషాలు. చాలు.

తర్వాత తిరగబెట్టాం. కావాలని. లైఫ్ జాకెట్లు వేసుకుని, పెద్దాయన పడవ పక్కన ఉండగా, నేనూ మేనల్లుడూ ఒక వైపు వేలాడి పడవను పక్కకు పడేశాం. నాకు గర్వంగా ఉన్నది ఏంటంటే పక్కల్లో కట్టిన గాలి పెట్టెలు. అవి ఎంత పెద్దవైతే అంత భద్రం అనుకున్నాను. పడవ పక్కకు పడగానే ఆ పెట్టె దాన్ని నీటి మీద చాలా ఎత్తుగా తేల్చింది. పక్క పలక, అంటే పడవ పక్కకు జారిపోకుండా నీళ్లలోకి దించే రెక్క, నా చేతికి రెండు అడుగుల పైన ఆకాశంలో ఉంది. దాన్ని పట్టుకుని వేలాడితేనే పడవ లేస్తుంది. అందుకునే లోపే, 20 సెకన్లు కూడా కాలేదు, అల్యూమినియం పైపులోకి నీళ్లు నిండి స్తంభం కిందికి దిగిపోయింది. పడవ బోర్లా పడింది. ఇద్దరం కలిసి, పెద్దాయన తాడు వేసి లాగితే 35 నిమిషాలకు లేచింది. ఫ్లోరిడాలో పెద్దాయన ఉండడు.

ఆ సాయంత్రమే గాలి పెట్టెలను సగానికి కోశాను. పైపు రెండు కొసలకూ ఫోమ్ కొట్టి ఎపాక్సీతో మూసేశాను. స్తంభం కొసకు 5 లీటర్ల నూనె క్యాన్ ఖాళీది కట్టాను. అయిదు కిలోల తేలుడే, కానీ అంత దూరపు కొసన ఉండేసరికి పడవ బోర్లా పడకుండా ఆపుతుంది. పక్కల నుంచి ముడులు వేసిన తాడు ఒకటి దించాను. మర్నాడు మేనల్లుడు ఒక్కడే, ఎవరి చెయ్యీ లేకుండా, 4 నిమిషాల్లో నిలబెట్టి లోపలికి ఎక్కాడు. నీళ్లు తోడడానికి మరో 11. ఆ పని ఎనిమిది సార్లు చేయించాను. ఎనిమిదోసారి నాతో మాట్లాడ్డం మానేశాడు.

అదే వారం పక్క పలక విరిగింది. చదును అడుగు మీద ఇసుక దిబ్బ తగిలి, తిరిగే బోల్టు దగ్గర నిలువునా పగులు. బోల్టు రంధ్రాన్ని సూటిగా ప్లైవుడ్‌లో కొట్టడమే తప్పు. రంధ్రం పెద్దది చేసి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక అందులో బోల్టుకు సరిపడా మళ్లీ తొలిస్తే బోల్టు చెక్కను తాకదు, నీళ్లూ లోపలికి పోవు. నాకు తెలిసిన పనే. తొందరలో వదిలేసిన పని.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తాను. మొదటి ప్లైవుడ్ నష్టం వదిలేస్తే 98,500 రూపాయలు. అందులో ఎపాక్సీదే దాదాపు అయిదో వంతు. పడవ కట్టే ఖర్చును చెక్కలో లెక్కేసేవాళ్లు జిగురు దగ్గర బోల్తా పడతారు.

మేనల్లుడు ఆగస్టులో తిరిగి వెళ్లి, ఒక అద్దె షెడ్డులో రెండో పడవ మొదలుపెట్టాడు. వారానికి రెండు వీడియో కాల్స్. అడుగుకు 6 మిల్లీమీటర్ల ఒకూమే, పక్కలకు, పైకప్పుకు 4. అంచు పట్టీ ముప్పావు అంగుళం, తేలిక చెక్క. గ్లాస్ బట్ట అడుగున ఒక్క పొర. ప్రతి ముక్కనూ అంటించే ముందు తూచి నాకు ఫొటో పెట్టాలి. ఈ ఒక్క నియమం పెట్టాను. వాడు పెద్దగా చెక్క పని రాని మనిషి కావడం ఇక్కడ లాభమైంది. కాగితంలో ముప్పావు ఉంటే ముప్పావే కోస్తాడు. 79 కిలోలు వచ్చింది. నేను అందులో ఒక్క ముక్కా ముట్టుకోలేదు.

ఆ పోటీలో ప్రతి ఒక్కరూ ఒక మారుపేరు పెట్టుకుంటారు. వాడు 'పుట్టి' అని పెట్టుకున్నాడు. అక్కడివాళ్లు అడిగితే గుండ్రని తోలు పడవ అని చెప్పాడట.

మార్చిలో ఒడ్డు మీద 79 కిలోల పడవను రెండు గాలి రోలర్ల మీద 7 నిమిషాల్లో నీళ్లలోకి దింపాడు. రెండో రాత్రి ఉత్తరపు గాలి లేచింది. అక్కడ ఆ నెలలో చల్లటి గాలులు దిగేటప్పుడు గాలి నైరుతి నుంచి వాయవ్యానికి, అక్కడి నుంచి ఉత్తరానికి తిరుగుతుంది. తెరచాప రెండుసార్లు కుదించాడు, పడవ తిరగబడలేదు. మేము ఎనిమిదిసార్లు సాధన చేసింది ఒక్కసారీ అవసరం పడలేదు. దానికి నేను బాధపడను.

ఆగింది చోకలోస్కీ దగ్గర. సగం దూరం దాటాక, వేల దీవుల మధ్య, ఆల్చిప్పల దిబ్బలు కత్తుల్లా ఉండే చోట. నా పడవకు చుక్కాని స్థిరంగా ఉండేది. అక్కడి నీళ్లు లోతు తక్కువ కాబట్టి, ఏదైనా తగిలితే పైకి లేచే చుక్కాని పెట్టుకుందామని వాడన్నాడు, నేను సరేనన్నాను. గీసి పంపింది నేనే. మానేరులో దాన్ని పరీక్షించలేదు, ఎందుకంటే అప్పటికి అది లేదు. ఆటు సమయంలో ఆల్చిప్పల దిబ్బకు తగిలినప్పుడు చుక్కాని రెక్క లేచింది గానీ, సూటిగా కాకుండా పక్కకు మెలి తిరిగి, దాన్ని పట్టుకునే రెండు చెంప పలకల్లో ఒకటి చీలింది. తెడ్డుతో దారి పట్టుకుంటూ చెక్‌పాయింట్ చేరాడు. చీలికను ఎపాక్సీతో అంటించాడు గానీ, రాత్రి చలికి అది పొద్దుటిదాకా జిగురుగానే ఉంది. రెండు అరచేతుల్లో బొబ్బలు. అయిదో రోజు మధ్యాహ్నం తప్పుకుంటున్నానని ఫోన్ చేశాడు. "పడవ మంచిగుంది మామా, చుక్కానే ఇడిసింది" అన్నాడు.

మా అక్క వాడి దగ్గర మూడు నెలలుండి వచ్చేటప్పుడు ఆ చీలిన చెంప పలకను చీరల మధ్య పెట్టుకుని తెచ్చింది. ఇప్పుడు నా బెంచీ మీద ఉంది. చీలిక బోల్టు రంధ్రం దగ్గరే మొదలైంది, నేను పక్క పలకలో చేసిన తప్పే మళ్లీ. రంధ్రాన్ని ఎపాక్సీతో నింపమని గీతలో రాయలేదు. రాయకపోతే వాడు చెయ్యడు కదా. కొత్త జత కోశాను, లోపల సన్నటి స్టీలు రేకు పెట్టి, రంధ్రాలు నింపి. 128 కిలోలది ఇంకా షెడ్డులోనే ఉంది. జూన్ గాలి మొదలవగానే దానికే బిగించి, మానేరు డ్యాంలో నీళ్లు తగ్గి రాళ్లు తేలే వైపు పూర్తి తెరచాపతో నాలుగైదు సార్లు గుద్దిస్తాను. పెద్దాయనకు కబురు పెట్టాను, వస్తానన్నాడు.